కొలతలిచ్చి చేయించుకునే కిటికీ బ్లైండ్స్: బిగింపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లైండ్స్ చేయించుకోవాలనుకునేవాళ్లు అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే. ఆర్డర్ ఇచ్చే ముందు కొన్ని, బిగించే మనిషి డ్రిల్ తీశాక కొన్ని, అతను వెళ్లిపోయాక కొన్ని. వాటన్నిటికీ జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఒక్కమాట ముందే చెప్పాలి: బ్లైండ్స్ గొడవల్లో ఎక్కువ భాగం డ్రిల్ దగ్గర కాదు, టేపు దగ్గరే మొదలవుతాయి. కొలతల భాగం పొడుగ్గా ఉండడానికి కారణం అదే.

## ఆర్డర్ ఇవ్వక ముందు

నా దగ్గర డ్రిల్ ఉంది. నేనే బిగించుకుంటే సరిపోదా, మనిషిని పిలవాలా?

చిన్న కిటికీ, చెక్క ఫ్రేము, తేలికైన రోలర్ బ్లైండ్ (పైనున్న గొట్టానికి గుడ్డ చుట్టుకునే రకం) అయితే మీరే నిక్షేపంగా బిగించుకోవచ్చు. కిటికీ పైన కాంక్రీటు లింటెల్ ఉన్నా, బ్లైండ్ కిటికీ గూడు (గోడ మందంలో కిటికీ కూర్చున్న ఖాళీ) లోపల కూర్చోవాలన్నా, వెడల్పు రెండు మీటర్లు దాటినా, మోటారు ఉన్నా మనిషిని పిలవడమే మంచిది. వరుసగా మూడు నాలుగు కిటికీలు ఉన్న గోడ కూడా అలాంటిదే. ఒక్కొక్కటి విడిగా చూస్తే బాగానే ఉంటుంది, పక్కపక్కన చూస్తే ఎత్తుల్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంటి పని ఇంకా నడుస్తోంది. కొలతలకు ఎప్పుడు పిలవాలి?

ప్లాస్టరింగ్, కిటికీ ఫ్రేములు, కింద పరిచే రాయి, చుట్టూ వచ్చే టైల్స్ అన్నీ అయ్యాకే. ప్లాస్టరు, పుట్టీ, రాయి కలిసి ఒక్కో వైపు 10 నుంచి 20 మిల్లీమీటర్లు తినేస్తాయి. ప్లాను మీది అంకెలు చూసి ఆర్డర్ ఇస్తే బ్లైండ్ గూట్లో పట్టదు. బిగింపు మాత్రం ఆఖరి కోటు రంగు ఆరాకే పెట్టుకోండి. వైరుతో నడిచే మోటారు కావాలంటే ఇదంతా తిరగబడుతుంది: ఆ వైరు గోడలో ప్లాస్టరుకు ముందే వేయించాలి.

కిటికీ గూటి లోపల బిగించాలా, బయట గోడ మీద బిగించాలా?

అందరూ మొదట అడిగేది ఇదే, తేల్చుకోవాల్సింది కూడా ముందు ఇదే. గూటి లోపల బిగిస్తే చూడ్డానికి పొందికగా ఉంటుంది, గోడ మీదికి పొడుచుకు రాదు, పైన కర్టెన్ కూడా వేసుకోవచ్చు. కాకపోతే గూడు నిటారుగా, తగినంత లోతుగా ఉండాలి. రెండు పక్కలా సన్నటి వెలుతురు గీత తప్పదు. కిటికీ రెక్కలు లోపలికి తెరుచుకునేవైతే ఈ ఆలోచనే వదిలేయండి.

గోడ మీద బిగిస్తే గూటి వంకరలన్నీ కప్పేయొచ్చు. కిటికీ కన్నా ఒక్కో వైపు 75 నుంచి 100 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు పెట్టుకుంటే పక్కల నుంచి వచ్చే వెలుతురు బాగా తగ్గుతుంది. పైన కూడా అంతే జాగా ఉంటే బ్లైండ్ చుట్టుకున్నప్పుడు అద్దానికి అడ్డం రాదు. పడకగదికి గోడ మీద, హాలుకు గూటి లోపల అని సలహా ఇస్తాం. కానీ పక్కనే బీరువా ఉంటే, ఏసీ కిటికీకి మరీ దగ్గరగా ఉంటే ఈ సలహా పనికిరాదు.

గదిలో చీకటి కావాలి. బ్లాక్అవుట్ గుడ్డ తీసుకుంటే చాలా?

చాలదు. గుడ్డ వెలుతురును పూర్తిగా ఆపుతుంది, అంచులు ఆపవు. రోలర్ బ్లైండ్‌లో గొట్టం, బ్రాకెట్లు గుడ్డ కన్నా వెడల్పుగా ఉంటాయి కాబట్టి గూటి లోపల బిగిస్తే ఒక్కో పక్క సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. పగటిపూట నిద్రపోయేవాళ్లకు ఆ గీత చాలు చిరాకు తెప్పించడానికి. నిజంగా చీకటి కావాలంటే గోడ మీద వెడల్పుగా బిగించుకోవాలి, లేదంటే గుడ్డ అంచులు లోపల నడిచే పక్క ఛానళ్లు, పైన మూసే పెట్టె ఉన్న రకం తీసుకోవాలి.

పగలు నాకు బయట కనపడాలి, బయటివాళ్లకు నేను కనపడకూడదు. అలాంటి గుడ్డ ఉందా?

ఉంది, సన్‌స్క్రీన్ గుడ్డ అంటారు. దాని మీద 1, 3, 5, 10 శాతం అని రాసి ఉంటుంది. నేతలో ఖాళీ రంధ్రాల భాగం ఎంతో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ బయట బాగా కనిపిస్తుంది, కళ్లకు కొట్టే వెలుగూ పెరుగుతుంది. ముదురు రంగు గుడ్డలోంచి బయట స్పష్టంగా కనిపిస్తుంది. లేత రంగు గుడ్డ ఎండను ఎక్కువగా వెనక్కి కొడుతుంది.

రాత్రి సంగతి వేరు. లోపల లైటు వేసి, బయట చీకటిగా ఉంటే చూపు తిరగబడుతుంది: మీకు బయట ఏమీ కనిపించదు, బయటివాళ్లకు మీరు కనిపిస్తారు. పడకగదికి ఇదొక్కటే వేసుకుని ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. వెనకాల ఇంకో పొర ఉండాలి.

బ్లైండ్ వేస్తే ఎండ వేడి తగ్గుతుందా?

తగ్గుతుంది గానీ ఆగదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాకే కదా బ్లైండ్‌ను తాకేది! వెనక వైపు తెల్లగానో వెండి పూతతోనో ఉన్న గుడ్డ కొంత వేడిని అద్దంలోంచే బయటికి పంపేస్తుంది. తేనెపట్టు గదుల్లా మడతలున్న సెల్యులర్ రకం తన మడతల్లో గాలిని బంధించి కొంత అడ్డుకుంటుంది. వేడే అసలు బాధ అయితే కిటికీ బయటి వైపు నీడ వేయించడమే ఎక్కువ పనిచేస్తుంది.

## కొలతల దగ్గర

కొలతలు నేనే తీసి పంపిస్తే కుదరదా?

కుదురుతుంది. అయితే కొలత తప్పితే ఆ ఖర్చు కూడా మీదే అవుతుంది. కొలతలిచ్చి చేయించిన బ్లైండ్ ఇంకో ఇంటికి పనికిరాదు, అందుకే దాన్ని వెనక్కి తీసుకోరు. బిగించే మనిషే వచ్చి కొలిస్తే ఆ కొలతకు అతనే జవాబుదారీ. కొలిచేది ఒకరు, తయారీ ఇంకొకరిది, బిగింపు మరొకరిది అయితే తేడా వచ్చిన రోజున ముగ్గురూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. ఒక్కరి చేతికే అప్పగించండి. కొలతల కాగితం మీద ఎవరు కొలిచారో రాయించుకుని మీరూ ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

వెడల్పు ఒక్కచోట కొలిస్తే సరిపోదా? మూడు చోట్ల ఎందుకు?

చూసేందుకు తిన్నగా ఉన్న గూడు కూడా పైన ఒక కొలత, కింద ఒక కొలత ఉంటుంది. గూటి లోపల బిగించే బ్లైండ్‌కు పైన, మధ్యన, కింద వెడల్పు కొలిచి అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్నే తీసుకోవాలి. ఎక్కువదాన్ని రాసిస్తే గుడ్డ ఎక్కడో ఒకచోట గోడకు రాసుకుంటూ అంచు పీచులు లేస్తుంది. ఎత్తు కూడా ఎడమ, మధ్య, కుడి కొలవాలి గానీ రోలర్‌కు అందులో తేడా వచ్చినా పెద్ద నష్టం లేదు, గొట్టం మీద అదనపు గుడ్డ ఉంటుంది.

ఆ తర్వాత మూల నుంచి మూలకు రెండు ఐమూలలూ కొలవాలి. రెండూ సమానంగా వస్తే గూడు మూలలు వంకర లేకుండా ఉన్నట్టు. ఒక సెంటీమీటరు దాటి తేడా ఉంటే బ్లైండ్ ఎంత మట్టంగా బిగించినా గూడు వంకర బయటపడుతుంది. అలాంటి కిటికీకి గోడ మీద బిగించుకోవడమే మేలు. కొలతలకు స్టీలు టేపే వాడాలి, అంకెలు మిల్లీమీటర్లలో రాయాలి. గుడ్డ టేపు సాగుతుంది. అంగుళాల్లో కొలిచి మిల్లీమీటర్లలోకి మార్చేటప్పుడు తప్పులు దొర్లుతాయి.

ఫారంలో ‘గూడు సైజు’, ‘బ్లైండ్ సైజు’ అని రెండున్నాయి. ఏది రాయాలి?

గూటిని కొలిచి ఉన్నదున్నట్టు రాస్తే అది గూడు సైజు. బ్లైండ్ తేలిగ్గా కదలడానికి తగ్గించాల్సిన కొద్ది మిల్లీమీటర్లు ఫ్యాక్టరీయే తగ్గించుకుంటుంది. బ్లైండ్ సైజు అని రాస్తే అంతే సైజులో చేసి పంపుతారు, ఏమీ తగ్గించరు. మీరు ముందుజాగ్రత్తగా తగ్గించి గూడు సైజు గడిలో రాశారనుకోండి, వాళ్లు మళ్లీ తగ్గిస్తారు. పక్కల సందు రెట్టింపవుతుంది. గోడ మీద బిగించేదానికి బ్లైండ్ సైజే రాయాలి.

గూటి లోతు ఎంత ఉండాలి?

రకాన్ని బట్టి మారుతుంది. రోలర్ పూర్తిగా గూట్లో దాగాలంటే సుమారు 60 నుంచి 75 మిల్లీమీటర్లు కావాలి. పైన పెట్టె ఉంటే ఇంకాస్త. ఈ లోతును గోడ అంచు నుంచి అద్దం దాకా కొలవకూడదు. కిటికీ పిడి, గడియ, దోమతెర ఫ్రేము, వీటిలో ఏది ఎక్కువ ముందుకు వచ్చి ఉంటే అక్కడిదాకా కొలవాలి. పిడి మరీ ముందుకొస్తే గుడ్డ గొట్టం ముందు వైపు నుంచి దిగేలా తిప్పి చుట్టించుకోవచ్చు. అప్పుడు గొట్టం కూడా గుడ్డ వెనకాల దాగుతుంది.

మా కిటికీ గోడంతా ఉంది. ఒకే బ్లైండ్ చేస్తారా?

రెండు హద్దులున్నాయి. ఒకటి గుడ్డ పన్నా: అది మూడు మీటర్లకు మించి దొరకడం అరుదు, మించితే అతుకు వస్తుంది. రెండోది గొట్టం: వెడల్పు పెరిగేకొద్దీ బరువుకు మధ్యలో కుంగుతుంది, గుడ్డ మీద ఏటవాలు ముడతలు పడతాయి. లావు గొట్టం వేస్తే కొంత నయం. కిటికీ ఫ్రేము నిలువు కమ్మీలు ఉన్నచోట విడగొట్టి రెండు మూడు బ్లైండ్లు పెట్టుకోవడమే మా ఓటు. ఎండ వచ్చే వైపు ఒక్కటే దించుకోవచ్చు, పాడైతే ఒక్కటే మార్చుకోవచ్చు.

బ్లైండ్‌ను ఎత్తి దించే గొలుసు ఏ వైపు పెట్టించుకోవాలి?

చేతికి అందే వైపు, సోఫా, మంచం అడ్డం లేని వైపు. తలుపు పక్కన వద్దు. ఆర్డర్‌లోనే చెప్పాలి, కొన్ని రకాల్లో తర్వాత మార్చడం కుదరదు.

## మోటారు ఉన్నవి

మోటారు బ్లైండ్‌కు కరెంటు పాయింటు తప్పదా?

వైరుతో నడిచేదానికి తప్పదు: కిటికీ పైన, మోటారు వచ్చే వైపే ఉండాలి. ఎడమ వైపు పాయింటు పెట్టించి కుడి వైపు మోటారు ఆర్డర్ ఇస్తే బ్లైండ్ పొడవునా వైరు వేలాడుతుంది. ఇల్లు పూర్తయిపోయి ఉంటే బ్యాటరీ రకం తీసుకోండి, గోడ పగలగొట్టక్కర్లేదు. రోజుకు ఒకసారి ఎత్తి దించుతుంటే ఛార్జింగు కొన్ని నెలలు వస్తుంది. ఛార్జింగు తీగ అక్కడిదాకా ఎలా చేరుతుందో మాత్రం ముందే ఆలోచించుకోండి. మెట్ల మీది ఎత్తు కిటికీకి బ్యాటరీ పెట్టించుకుని, ఛార్జింగుకు ప్రతిసారీ నిచ్చెన తెప్పించుకునేవాళ్లున్నారు.

నాలుగుసార్లు పైకీ కిందికీ తిప్పి చూశాం, మోటారు ఆగిపోయింది. కాలిపోయిందా?

కాలి ఉండదు. గొట్టంలో ఇమిడే కరెంటు మోటార్లు ఏకధాటిగా నాలుగు నిమిషాలపాటు తిరిగేలా తయారవుతాయి. వేడెక్కితే లోపలి రక్షణ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. కాసేపు చల్లారనిస్తే మళ్లీ నడుస్తుంది. పై హద్దు, కింది హద్దు సెట్ చేసే రోజున ఇది మామూలే.

ఫోన్‌తో నడపొచ్చా? కరెంటు పోతే?

రిమోట్‌తో మాత్రమే మాట్లాడే మోటారుకు, ఫోన్‌కు మధ్యలో హబ్ (ఫోన్ ఆదేశాన్ని మోటారుకు అందించే చిన్న పరికరం) కావాలి. ఇంట్లో ఇప్పటికే స్మార్ట్ పరికరాలుంటే వాటితో కలుస్తుందో లేదో కొనేముందే అడగండి. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేయడానికి 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణంలో మొదటి నుంచీ కిటికీ బ్లైండ్లు కూడా ఉన్నాయి, అది ఉన్న మోటారైతే టెన్షన్ తక్కువ. కరెంటు పోతే వైరు మోటారు ఎక్కడున్నది అక్కడే నిలబడుతుంది. బ్యాటరీది నడుస్తుంది.

## బిగించే రోజు

మేం ఏమేం సర్దిపెట్టాలి?

కిటికీ ముందు ఒక మీటరు జాగా ఖాళీ చేయండి. పాత కర్టెన్లు, రాడ్లు తీయడం వాళ్ల పనో మీ పనో ముందే మాట్లాడుకోండి. కాంక్రీటు డ్రిల్ చేస్తే సన్నటి దుమ్ము లేస్తుంది, మంచం, టీవీ మీద దుప్పటి కప్పండి. కిటికీ దగ్గర గోడలో వైర్లు, ఏసీ పైపులు ఎటు వెళ్తున్నాయో తెలిస్తే చెప్పండి. స్విచ్‌బోర్డు నుంచి తిన్నగా పైకి, పక్కకు ఉన్న దారిలో రంధ్రం వేయకపోవడం క్షేమం. మామూలు రోలర్‌కు కిటికీకి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మోటారుదైతే ఇంకాస్త ఎక్కువ.

లింటెల్‌లో డ్రిల్ దిగడం లేదంటున్నారు. ఏం చేయాలి?

లోపలి ఇనప కమ్మీ తగిలి ఉంటుంది. బలవంతంగా తోస్తే బిట్టు పాడవుతుంది, రంధ్రం వెడల్పై ప్లగ్గు (రంధ్రంలో కూర్చుని స్క్రూను పట్టుకునే తొడుగు) పట్టు తప్పుతుంది. రెండు మూడు సెంటీమీటర్లు జరిపి కొత్త రంధ్రం వేసి, పాతది పూడ్చేస్తే సరి. కాంక్రీటుకు హ్యామర్ డ్రిల్, రంధ్రానికి సరిపోయే ప్లగ్గు ఉండాలి. ప్లగ్గు బదులు అగ్గిపుల్లలు, చెక్క ముక్కలు కుక్కుతుంటే వెంటనే ఆపించండి.

ఫాల్స్ సీలింగ్‌కు బిగించొచ్చా?

ఉత్త జిప్సం పలకకు వద్దు. అది పన్నెండు మిల్లీమీటర్ల మందం ఉండే మెత్తటి పలక. రోజూ గొలుసు లాగుతుంటే స్క్రూ వదులై ఒకనాడు బ్లైండంతా ఊడి కింద పడుతుంది. సీలింగ్ మూయకముందే బ్రాకెట్లు వచ్చేచోట పైన ప్లైవుడ్ పట్టీ వేయించుకోండి. మూసేసి ఉంటే పొడవాటి ఫిక్సింగుతో స్లాబ్ దాకా వెళ్లాలి, అదీ కుదరకపోతే గోడకు బిగించాలి.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేముకే స్క్రూలు కొడతామంటున్నారు. సరేననొచ్చా?

కిటికీ వారంటీ ఏం చెబుతుందో చూడకుండా వద్దు. ఆ ఫ్రేము లోపల బోలుగా ఉంటుంది, వాన నీళ్లు బయటికి పోయే దారులుంటాయి. పొడవాటి స్క్రూ అద్దం అంచును తాకితే అద్దం పగలొచ్చు. చుట్టూ గోడ ఉన్నప్పుడు గోడే మంచిది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకూ, రంధ్రం వేయకూడదనుకునేవాళ్లకూ ఫ్రేముకు క్లిప్పుతో పట్టుకునే తేలిక రకాలున్నాయి.

వాళ్లు వెళ్లేముందు మేం ఏం చూసుకోవాలి?

ప్రతి బ్లైండూ మీరే పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తండి. వాళ్లు ఎత్తి చూపిస్తే లెక్కలోకి రాదు. గుడ్డ పక్కకు జరగకుండా చుట్టుకుంటోందా, కింది కడ్డీ మట్టంగా ఉందా, పక్క కిటికీలతో ఎత్తు కలిసిందా చూడండి. బ్రాకెట్‌ను చేత్తో గట్టిగా కదిపి చూడండి. కిటికీ తెరిచి మూయండి, దోమతెర జరపండి. మిగిలిన స్క్రూలు, రిమోట్ జత చేసే కాగితం, వారంటీ చేతికి తీసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.

## పిల్లలున్న ఇల్లు

చిన్నపిల్లలున్నారు. గొలుసుతో ప్రమాదమా?

అవును, ఈ పేజీలో అన్నిటికన్నా సీరియస్‌గా తీసుకోవాల్సిన సంగతి ఇదే. వేలాడే తాడు, గొలుసు పిల్లల మెడకు చుట్టుకుంటే క్షణాల్లో ఊపిరి ఆడదు, అరవడానికి కూడా వీలుండదు. ఒక్క అమెరికాలోనే ఏటా సగటున సుమారు తొమ్మిది మంది ఐదేళ్లు, అంతకు లోపు వయసు పిల్లలు ఇలా చనిపోతున్నారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెబుతోంది.

గొలుసు ఉన్న బ్లైండ్‌కు దాన్ని గోడకు బిగువుగా పట్టి ఉంచే క్లిప్పు తప్పనిసరి. బ్లైండ్‌తో పాటు ఇచ్చారా అన్నదొక్కటే కాదు, గోడకు బిగించారా అన్నది చూడండి. చాలా ఇళ్లలో అది ప్లాస్టిక్ కవర్లోనే ఉండిపోతుంది. తాడు చుట్టిపెట్టే కొక్కెం అయితే నేల నుంచి కనీసం మీటరున్నర ఎత్తులో ఉండాలి. మంచం, ఊయల, పిల్లలు ఎక్కగలిగే కుర్చీ ఆ కిటికీ దగ్గర ఉండకూడదు. పిల్లల గదికి తాడు లేని రకమో మోటారుదో తీసుకోండి, ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి.

## బిగించాక

గుడ్డ చుట్టుకునేటప్పుడు ఒక పక్కకు జరిగిపోతోంది. గుడ్డ లోపమా?

చాలాసార్లు కాదు. రెండు బ్రాకెట్లలో ఒకటి రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి ఉన్నా గుడ్డ పక్కకు నడుస్తుంది. స్పిరిట్ లెవెల్ గొట్టం మీద పెట్టి చూడమనండి. మట్టం సరిగ్గా ఉండి కూడా జరుగుతుంటే గొట్టానికి ఒక కొసన సన్నటి టేపు ముక్క అంటించి సరిచేస్తారు. అలాగే వాడేస్తే అంచు బ్రాకెట్‌కు రాసుకుని చిరుగుతుంది, అప్పుడది వారంటీలోకి రాకపోవచ్చు. మొదటి వారంలోనే పిలవండి.

ఎలా శుభ్రం చేయాలి? ఉతకొచ్చా?

రోలర్, జీబ్రా (పల్చటి, దట్టమైన చారలు మార్చి మార్చి ఉండేది), బ్లాక్అవుట్ గుడ్డలు వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు, పూత విరుగుతుంది. మెత్తటి బ్రష్షు పెట్టిన వాక్యూమ్, మరకకు తడిగుడ్డ చాలు. రుద్దొద్దు, అద్దండి. పూర్తిగా ఆరాకే పైకి చుట్టండి. తడి గుడ్డను చుట్టేస్తే బూజు పడుతుంది.

ఇల్లు మారితే వెంట తీసుకెళ్లొచ్చా?

విప్పి తీసుకెళ్లడం తేలికే, కొత్త కిటికీకి సరిపోవడమే కష్టం. గోడ మీద బిగించినవి కాస్త చిన్న కిటికీకి కూడా వాడుకోవచ్చు. మామూలు రోలర్ వెడల్పు ఎక్కువైతే గొట్టం, గుడ్డ, కింది కడ్డీ కోసి తగ్గిస్తారు. తక్కువైతే మాత్రం పెంచే దారి లేదు. మోటారును విప్పి అదే సైజు కొత్త గొట్టంలో పెట్టించుకోవచ్చు, అందుకని గుడ్డ పనికిరాకపోయినా మోటారు, రిమోట్, ఛార్జరు పారేయకండి.